ఆస్పత్రి సిబ్బంది పని వాతావరణం బాగుపడాలంటే: ఒక్క వార్డుతో మొదలుపెట్టడం ఎలా?

రాజీనామా కాగితాల్లో దాదాపు అందరూ ఒకటే రాస్తారు: వ్యక్తిగత కారణాలు. నర్సింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్న రోజుల్లో అలాంటివి చాలా తీసుకుని, సంతకం పెట్టి పై ఆఫీసుకు పంపాను. ఒకసారి మాత్రం, ఆరేళ్లు పనిచేసి వెళ్లిపోతున్న ఒక సిస్టర్‌ని కూర్చోబెట్టి “అసలు ఏమైందమ్మా?” అని అడిగాను. జీతం గురించి చెబుతుందనుకున్నాను. ఆమె బీపీ మిషన్ గురించి చెప్పింది. ముప్పై పడకల వార్డులో పనిచేసే బీపీ మిషన్ ఒక్కటే ఉంది. రెండోది రిపేరుకని వెళ్లి తిరిగి రాలేదు. రాత్రి పూట పక్క వార్డు వాళ్లు ఆ ఒక్కటీ పట్టుకుపోతారన్న భయంతో దాన్ని దుప్పట్ల బీరువాలో, మడతల వెనక దాచుకునేవాళ్లట. “మూడుసార్లు రాసిచ్చాను మేడమ్. లేదని కూడా ఎవరూ చెప్పలేదు” అంది.

ఆ చివరి మాట నన్ను చాలాకాలం వదల్లేదు. మిషన్ లేకపోవడం ఒక కష్టం. అడిగిన మనిషికి జవాబే రాకపోవడం దానికంటే పెద్ద కష్టం. ఆ తర్వాత పని వాతావరణం మార్చే ప్రయత్నాల్లో నేనూ ఉన్నాను. సిబ్బంది అడిగినదానికి గడువులోగా జవాబు వెళ్లే ఏర్పాటు ఉన్నచోట మిగతా మార్పులు నిలబడ్డాయి, అది లేనిచోట ఎంత ఖర్చు పెట్టినా నిలబడలేదు. మీరు సూపరింటెండెంట్ అయినా, హెడ్ నర్స్ అయినా, హెచ్ఆర్ చూసేవారైనా, ఈ పనిని ఏ వరసలో చేయాలో చెబుతాను.

ముందుగా: సరిచేయాల్సింది మనుషుల్ని కాదు, పనిని

సిబ్బంది అలిసిపోతున్నారని తెలియగానే చాలామంది యాజమాన్యాలు యోగా క్లాసు పెడతాయి, ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఉపన్యాసం ఏర్పాటు చేస్తాయి. వాటివల్ల నష్టం లేదు. కానీ పన్నెండు గంటల డ్యూటీ చేసి, అన్నం తినకుండా దిగిన మనిషికి శ్వాస ఎలా తీసుకోవాలో నేర్పితే ఆమెకు ఏమనిపిస్తుందో ఆలోచించండి. తప్పు తనదేనని మనం చెప్పినట్టు ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే జబ్బుల అంతర్జాతీయ జాబితాలో బర్నవుట్‌ను జబ్బుగా కాకుండా, ఉద్యోగంతో ముడిపడిన పరిస్థితిగా చేర్చింది. పనిచోట ఎడతెగని ఒత్తిడి ఉండి, దాన్ని సరిగా అదుపు చేయకపోతే వచ్చేది అది. ఒంట్లో శక్తి అడుగంటిపోవడం, పని మీద విరక్తి, చేసేది ఏదీ సరిగా చేయలేకపోతున్నానన్న భావం దాని మూడు గుర్తులు. పనిచోట పుట్టినదానికి మందు కూడా పనిచోటే వేయాలి.

వేయవచ్చని 1980ల్లోనే తేలింది. అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో కూడా కొన్ని ఆస్పత్రుల నుంచి నర్సులు వెళ్లిపోలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ వాటిలో 41 ఆస్పత్రులను ఎంచి, కారణాలు వెతికి 1983లో ప్రచురించింది. వాటికి ‘మాగ్నెట్ హాస్పిటల్స్’ అని పేరు పడింది. నర్సింగ్ అధిపతికి పైస్థాయి నిర్ణయాల్లో చోటు ఉండటం, వార్డు నిర్ణయాలు వార్డులోనే జరగడం, డ్యూటీల్లో పట్టువిడుపు ఉండటం అక్కడ కనిపించాయి. ఇవన్నీ సంస్థ చేతిలో ఉన్న విషయాలే.

ఒక వార్డును ఎంచుకోండి

ఆస్పత్రి మొత్తం ఒకేసారి మార్చాలని సర్క్యులర్ ఇవ్వకండి. అన్నిటికంటే కష్టాల్లో ఉన్న వార్డుతో మొదలుపెట్టాలనిపిస్తుంది, అదీ వద్దు. మార్పు కావాలని హెడ్ నర్స్ తనంతట తాను అనుకుంటున్న వార్డు ఎంచుకోండి. అక్కడ మూడు నెలలు గట్టిగా పనిచేస్తే మిగతావాళ్లు వచ్చి చూస్తారు.

సిబ్బందితో ఒక్క మాట మాట్లాడకముందే పై అధికారి దగ్గర మూడు విషయాలు రాయించుకోండి. మొదటిది, వార్డు స్థాయిలో ఫైలు కదపకుండా ఖర్చు పెట్టుకునే కొద్దిపాటి డబ్బు. బల్బు, తాళం, గడియారం లాంటివాటికి ఇండెంటు పెట్టి నెల ఆగితే ఈ పని మొదటి వారంలోనే చచ్చిపోతుంది. రెండోది, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న ఒక మనిషి వారానికి ఒక గంట వార్డుకే రావడం. ఆఫీసుకు పిలిపించుకోవడం కాదు, రావడం. మూడోది, ఇందులో చెప్పిన మాటలకు ఎవరి మీదా మెమో ఉండదన్న హామీ. ఈ మూడూ దొరక్కపోతే మొదలుపెట్టకండి. అడిగి వదిలేయడం అడగకపోవడం కన్నా అన్యాయం.

ఒక షిఫ్టు మొత్తం వెంట నడవండి

నోట్‌బుక్ పట్టుకుని, ఒక సిస్టర్ వెంట డ్యూటీ మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఉండండి. ముందే ఆమెకు చెప్పండి: “మీరెలా చేస్తున్నారో చూడ్డానికి రాలేదు. మీకు ఏది అడ్డం పడుతోందో చూడ్డానికి వచ్చాను.” నాలుగే విషయాలు రాసుకోండి: దేనికోసం వెతికింది, దేనికోసం ఎదురుచూసింది, ఒకటే విషయాన్ని ఎన్నిచోట్ల రాసింది, చేతిలో పని మధ్యలో ఎన్నిసార్లు ఆపాల్సి వచ్చింది.

రాత్రి షిఫ్టు తప్పకుండా చూడండి. రాత్రి రెండు గంటలప్పుడు, ఇంజెక్షన్ కలుపుతున్న సిస్టర్‌ని ఫోను మోగితే తీయమంటారు, పేషెంటు బంధువు ఎక్స్‌రే ఎక్కడని అడుగుతాడు, సెలైన్ అయిపోయిన పంపు అరుస్తుంది. ఆమె సిరంజి పట్టుకునే తల తిప్పి ముగ్గురికీ జవాబు చెప్పి, మళ్లీ సీసా మీద పేరు మొదటినుంచి చదువుతుంది. మందు కలిపేటప్పుడు మధ్యలో పలకరించడం పొరపాట్లకు దారితీస్తుందని మనకు తెలుసు. కానీ ఫోను ఎవరు తీయాలో ఏ కాగితం మీదా ఉండదు. ఇలాంటివి పగలు ఆఫీసులో కూర్చుంటే కనబడవు.

ఆయాలు, వార్డ్ బాయ్‌లు, ల్యాబ్ టెక్నీషియన్లు, హౌస్‌కీపింగ్ వాళ్ల వెంట కూడా కొంతసేపు నడవండి. చక్రం ఇరుక్కుపోయే స్ట్రెచర్‌ని రోజుకు ఎన్నిసార్లు తోయాల్సి వస్తుందో వార్డ్ బాయ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

అడగండి, డ్యూటీ టైములోనే

సర్వే ఫారాలతో మొదలుపెట్టకండి. అంతకుముందు నింపినవాటికి ఏం జరిగిందో సిబ్బందికి గుర్తుంటుంది. షిఫ్టు మారే సమయంలో ఇరవై నిమిషాలు, ఐదారుగురిని కూర్చోబెట్టండి. ఆ సేపు వాళ్ల పేషెంట్లను చూసుకోవడానికి మనిషిని పెట్టండి. డ్యూటీ అయ్యాక ఆగమంటే ఎవరి మనసూ అక్కడ ఉండదు. పెద్ద డాక్టర్లు, పై అధికారులు ఆ గదిలో ఉండకూడదు.

అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ హెల్త్‌కేర్ ఇంప్రూవ్‌మెంట్ 2017లో ఇచ్చిన పద్ధతిలో వరస నాకు నచ్చింది. ఈ పనిలో మీకు ముఖ్యమైనది ఏమిటని ముందు అడుగుతారు, దానికి అడ్డొస్తున్నది ఏమిటన్నది ఆ తర్వాత. మొదటి ప్రశ్న వదిలేస్తే అది ఫిర్యాదుల సభ అయిపోతుంది. “మంచిగా గడిచిన రోజు ఎలా ఉంటుంది?” అని అడిగి చూడండి. ఒక పేషెంటు నడుచుకుంటూ ఇంటికెళ్లిన రోజు గురించి చెబుతారు. ఆ వెంటనే, “అలాంటి రోజులు ఎక్కువ కాకుండా ఏది ఆపుతోంది?” అంటే చెప్పులో రాళ్లన్నీ బయటపడతాయి. గదిలో మాట్లాడనివాళ్లకు ఒక చీటీ ఇవ్వండి. రాత్రి డ్యూటీ వాళ్లను విడిగా, రాత్రిపూటే అడగండి.

జవాబుల చార్టు గోడకు కట్టండి

వీటన్నిటిలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే. నర్సింగ్ స్టేషన్ వెనక, పేషెంట్లకు కనబడని గోడకు ఒక పెద్ద చార్టు పెట్టండి. వచ్చిన ప్రతి విషయం, వచ్చిన తేదీతో అందులో ఎక్కాలి. పక్కన మూడు కాలమ్‌లు: ‘చేశాం’, ‘పైకి పంపాం, ఫలానా తేదీకి చెబుతాం’, ‘ఇప్పుడు కుదరదు, కారణం ఇదీ’. ఏ విషయమైనా ఏడు రోజుల్లో ఈ మూడింటిలో ఒకదానిలోకి వెళ్లాలి.

మూడో కాలమ్‌కు అధికారులు భయపడతారు. ‘కుదరదు’ అని రాస్తే గొడవ అవుతుందనుకుంటారు. నేను చూసినంతలో, కారణం చెప్పి లేదన్నప్పుడు మనుషులు అర్థం చేసుకుంటారు. మౌనాన్ని ఎవరూ క్షమించరు. అయితే కారణం నిజమైనది కావాలి. ‘నిబంధనలు ఒప్పుకోవు’ అంటే ఏ నిబంధనో రాయండి. వెతకబోతే అలాంటి నిబంధనే లేదని తేలిన సందర్భాలు ఉన్నాయి.

మొదటి రెండు వారాల్లో కనీసం మూడు చిన్న పనులైనా పూర్తయి కనబడాలి. తాళం పడని లాకరు, వెలగని ట్యూబ్‌లైటు, మందుల గదిలో లేని గడియారం. వీటిని చూసి “ఇంతేనా” అనకండి. ఆ లాకర్లో రోజూ హ్యాండ్‌బ్యాగు పెట్టి భయపడుతూ డ్యూటీ చేసిన మనిషికి అది ఇంతే కాదు.

ఎవరూ చదవని కాగితాలను తీసేయండి

వార్డులోని రిజిస్టర్లు, ఫారాలు, కంప్యూటర్ స్క్రీన్లు అన్నీ ఒక బల్ల మీద పరచి, ఒక్కొక్కదానికి రెండే ప్రశ్నలు వేయండి: దీన్ని ఎవరు చదువుతారు? చదివి ఏం చేస్తారు? జవాబు లేనిదాన్ని ఒక నెల ఆపి చూడండి. చట్టం కోరేవి, పేషెంటు భద్రతకు కావలసినవి ముట్టుకోకండి.

అమెరికాలో ఆస్పత్రులు నడిపే హవాయీ పసిఫిక్ హెల్త్ అనే సంస్థ 2017 అక్టోబరులో సరిగ్గా ఇదే చేసింది. ఎలక్ట్రానిక్ రికార్డుల్లో అర్థంలేని పనులు ఏమున్నాయో చెప్పమని సిబ్బందినే అడిగింది. దాన్ని నడిపిన డాక్టర్ మెలిండా ఆష్టన్ 2018లో ఆ అనుభవం ప్రచురించారు. పేషెంటును గంటగంటకూ చూశామని నర్సులు కంప్యూటర్లో ఒక క్లిక్ చేయాల్సి వచ్చేది. ఒక్కోదానికి దాదాపు 24 సెకన్లు. నాలుగు ఆస్పత్రుల్లో కలిపితే నెలకు సుమారు 1,700 నర్సింగ్ గంటలు. గంటగంటకూ చూడటం మానలేదు, ఆ క్లిక్కును తీసేశారు.

డ్యూటీ చార్టు, మనుషుల సంఖ్య

ఇక్కడ ఓపిక కావాలి, డబ్బూ కావాలి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒక నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, సర్జరీ పేషెంట్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, నర్సుల్లో బర్నవుట్ అవకాశం 23 శాతం ఎక్కువగా కనిపించాయి. కాలిఫోర్నియా 2004 నుంచి నర్సు-పేషెంటు నిష్పత్తిని చట్టంగా అమలు చేస్తోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో ఆ దారి పట్టింది. యాజమాన్యం దగ్గరకు వెళ్లేటప్పుడు సిబ్బంది కష్టంతో పాటు ఈ అంకెలు కూడా తీసుకెళ్లండి. ఖాళీలు నింపమనేది పేషెంట్ల ప్రాణాల కోసం కూడా అడుగుతున్న మాట.

కొత్తవాళ్లు వచ్చేదాకా చేయగలిగినవి చాలా ఉన్నాయి. వెంట నడిచినప్పుడు మీరు రాసుకున్న పేజీలు తీయండి. సిస్టర్ ఫార్మసీకి వెళ్లి నిలబడటం, ఫైలు వెతకడం, ఖాళీ పడకలు లెక్కపెట్టి ఫోనులో చెప్పడం వంటి పనులకు నర్సింగ్ చదువు అక్కర్లేదు. వాటికి ఒక వార్డ్ అసిస్టెంటును పెట్టండి. పేషెంట్లను పంచేటప్పుడు తలలు లెక్కపెట్టి పంచకుండా పరిస్థితి చూసి పంచండి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు ఇద్దరు, డిశ్చార్జికి సిద్ధంగా ఉన్నవాళ్లు ఇద్దరు ఒకటే పని కాదు.

డ్యూటీ చార్టు విషయంలో గట్టిగా పట్టుకోవాల్సినవి కొన్ని. నాలుగు వారాల ముందే బయటపెట్టండి, పిల్లల స్కూలు, పెద్దవాళ్ల చెకప్ అందరి ఇళ్లలో ఉంటాయి. రెండు షిఫ్టుల మధ్య కనీసం 11 గంటలు ఉండాలి. యూరప్ పని వేళల నిబంధన రోజుకు వరసగా ఇన్ని గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. సాయంత్రం షిఫ్టు ఆలస్యంగా దిగినవాళ్లను మర్నాడు పొద్దున షిఫ్టుకు వేయకండి. షిఫ్టులు మార్చేటప్పుడు పొద్దున నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి రాత్రికి అన్న వరసలో తిప్పితే శరీరం కాస్త తేలిగ్గా సర్దుకుంటుంది, వెనక్కి తిప్పితే కష్టం. ఇద్దరూ ఒప్పుకుని డ్యూటీ మార్చుకుంటామంటే అడ్డు చెప్పకుండా ఒక రిజిస్టరు పెట్టండి.

ఎవరికి ఎన్ని నైట్లు, ఎన్ని పండుగ డ్యూటీలు పడ్డాయో అందరికీ కనబడేలా అంటించండి. “ఆమెకు ఎప్పుడూ నైట్లు పడవు” అన్న గుసగుసలో నిజం ఉంటే సరిచేయాలి, లేకపోతే ఆ కాగితమే దానికి జవాబు.

విరామం సంగతీ ఇక్కడే. “వీలు చూసుకుని తినండి” అంటే ఎవరూ తినరు. ఫలానా టైముకు ఫలానా మనిషి వచ్చి, పేషెంట్ల పేర్లతో సహా అప్పగింత తీసుకుని, తినడానికి పంపాలి. కూర్చునే గదికి తలుపు ఉండాలి, తాగే నీళ్లు ఉండాలి, వార్డు ఫోను అక్కడ మోగకూడదు.

మాట్లాడే ధైర్యం

హార్వర్డ్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్సన్ 1990ల్లో ఆస్పత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువగా కనబడతాయనుకుంటే, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ఆ వార్డుల్లో మనుషులు దాచకుండా చెబుతున్నారు, తేడా అక్కడ ఉంది. మీ వార్డులో ఆరు నెలలుగా ఒక్క పొరపాటూ నమోదు కాలేదంటే సంతోషించకండి, ఆరా తీయండి.

ప్రతి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు అందరూ నిలబడి మాట్లాడుకునే అలవాటు పెట్టండి. డాక్టర్ నుంచి ఆయా దాకా అందరూ. ఈరోజు ఏ పేషెంటు గురించి బెంగ ఉంది, ఏ సామాను లేదు, ఎవరికి సాయం కావాలి. మొదటి రోజు హెడ్ నర్స్ తన పొరపాటు ఒకటి చెబితే మిగతావాళ్ల నోరు పెగులుతుంది.

అవమానం గురించి సూటిగా చెప్పాలి. పేషెంట్ల ముందు సిస్టర్‌ మీద కేకలేసే డాక్టర్, కొత్తగా చేరిన అమ్మాయిని ఏడిపించే సీనియర్ నర్స్, ఇద్దరికీ ఒకటే నియమం ఉండాలి. ఎక్కువ పేషెంట్లను తెచ్చే సర్జన్ అని ఒక్కరికి మినహాయింపు ఇచ్చారంటే మీ చార్టూ, మీ మీటింగులూ అన్నీ ఆ రోజే ముగిసినట్టు. మొదటిసారి ఒంటరిగా పిలిచి చెప్పండి, రెండోసారి రాతలో చెప్పండి. ఫిర్యాదు చేసిన మనిషికి ఏం చేశారో తెలియజేయండి.

బంధువులు దాడికి దిగితే బెల్లు ఎక్కడుంది, ఎవరు ఎన్ని నిమిషాల్లో రావాలి అన్నది ముందే సాధన చేసి ఉండాలి. పోలీసు ఫిర్యాదు సంస్థ పేరు మీద వెళ్లాలి. దెబ్బలు తిన్న మనిషిని ఒంటరిగా స్టేషనుకు పంపకండి.

పేషెంటుకు అనుకోని హాని జరిగినప్పుడు, ఆ పనిలో ఉన్న మనిషి కూడా విరిగిపోతారు. డాక్టర్ ఆల్బర్ట్ వూ 2000లో రాసిన వ్యాసంలో వాళ్లను ‘రెండో బాధితులు’ అన్నారు. పేషెంటునీ కుటుంబాన్నీ చూసుకున్నాక, ఆ మనిషిని మిగతా షిఫ్టుకు విడిచిపెట్టండి. నమ్మకమైన తోటి ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టండి. విచారణ మర్నాడు చేయవచ్చు.

హెడ్ నర్స్ చేతికి టైము ఇవ్వండి

పైన చెప్పినవన్నీ నడిపేది హెడ్ నర్సే. అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి వాళ్లు తమ డాక్టర్లను అడిగి 2015లో ప్రచురించిన ఫలితాల్లో, దగ్గరి పై అధికారి ఎలాంటివారన్నదానికీ డాక్టర్ల బర్నవుట్‌కూ సంబంధం కనబడింది. నర్సులకూ ఇది వర్తిస్తుందని నా అనుభవం. బాగా పనిచేసే సిస్టర్‌ని ఒకరోజు పొద్దున హెడ్ నర్స్‌ని చేసి, మనుషులతో ఎలా మాట్లాడాలో నేర్పకుండా, పేషెంట్లను కూడా తగ్గించకుండా వదిలేస్తాం. వారంలో కనీసం ఒక రోజు పేషెంట్ల బాధ్యత లేకుండా ఆమెకు ఇవ్వండి. కష్టమైన సంభాషణలు ముందుగా ఇద్దరు కూర్చుని సాధన చేయండి.

కొలవండి, కొంచెమే

మూడు నెలలకు చూడాల్సినవి: అడిగిన రోజు నుంచి జవాబు వచ్చిన రోజుకు ఎన్ని రోజులు, ఎన్ని విరామాలు తప్పిపోయాయి, ఓవర్‌టైము గంటలు, అనుకోకుండా పెట్టిన సెలవులు, వెళ్లిపోయినవాళ్లు. ఇవి చాలు. వార్డులకు ర్యాంకులు ఇవ్వకండి, ఇస్తే అంకెలు బాగుపడతాయి, పని బాగుపడదు. కొత్త పద్ధతి ఏదైనా ఒక షిఫ్టులో, ఒక వారం చేసి చూడండి. పనికిరాకపోతే ఆపేసి, ఆపేశామని చార్టు మీద రాయండి.

రెండో వార్డు

అక్కడి మొదటి మీటింగులో మీరు మాట్లాడకండి. మొదటి వార్డు నుంచి ఒక సిస్టర్‌నీ ఒక వార్డ్ బాయ్‌నీ పంపండి. స్ట్రెచర్ చక్రం సంగతి అతను చెబుతాడు, డ్యూటీ చార్టు సంగతి ఆమె చెబుతుంది. వాళ్లతో పాటు గోడ మీది పాత చార్టును కూడా మడతపెట్టి పంపండి, ‘కుదరదు’ కాలమ్‌లో రాసినవన్నీ కనబడేలా.